479 మంది ఓడిపోయిన ఎన్నిక

"ఇక జీవితంలో ఓటు వెయ్యను బాసూ. టైం వేస్ట్."

2024 జూన్ 4 రాత్రి మా హాస్టల్ కారిడార్‌లో ఈ మాట కనీసం నలుగురి నోట విన్నాను. ఆ నలుగురూ ఒకే పార్టీ వాళ్ళు కాదు, ఒకే రాష్ట్రం వాళ్ళు కూడా కాదు. ఒకడికి తన పార్టీ ఓడిపోయిన బాధ. ఇంకొకడికి తన పార్టీ గెలిచినా, టికెట్ ఇచ్చింది తను అసహ్యించుకునే మనిషికి కదా అన్న బాధ. మూడోవాడు ఇండిపెండెంట్‌కి వేశాడు, ఆ అభ్యర్థికి వచ్చిన ఓట్లు నోటా కన్నా తక్కువ. నాలుగోవాడు మాత్రం ఏమీ చెప్పలేదు, "అందరూ ఒకటే రా" అని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మే 13 పోలింగ్‌కి ముందు మన క్యాంపస్ ఎలా ఉండిందో గుర్తుందా? బస్సుల్లో సీట్లు దొరక్క, రైల్లో బాత్రూం పక్కన నిలబడి మరీ ఊళ్ళకి వెళ్ళారు. చాలామందికి అదే మొదటి ఓటు. వేలి మీద సిరా చుక్కతో సెల్ఫీలు, స్టేటస్‌లు. ఇరవై రెండు రోజులు ఆగి ఫలితాలొచ్చాయి. ఆ తర్వాత ఏడాది దాటిపోయింది. మన మధ్య ఇప్పుడు రాజకీయం అంటే రీల్స్‌లో ట్రోలింగ్ తప్ప ఇంకేం లేదు. ఎవరైనా సీరియస్‌గా మాట్లాడితే "అన్నా, ఎమ్మెల్యే అవుతావా" అని నవ్వేస్తున్నారు.

నేను ఎవరికి వేశానో చెప్పను. చెబితే ఈ వ్యాసం కింద జరిగే చర్చంతా దాని మీదే ఉంటుందని నాకు తెలుసు. నేను కోరుకున్నది జరగలేదు అన్నంతవరకు చెబుతాను. దానికంటే ఎక్కువ బాధించింది పోలింగ్‌కి ముందురోజు మా వీధిలో విన్న మాట. "పక్క వీధికి ఇచ్చి పోయారంట, మనకింకా రాలేదేంటి?" అడిగింది నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన ఆంటీ. డబ్బులు తీసుకున్నందుకు ఆమెకి సిగ్గులేదు, ఆలస్యమైనందుకు కోపం. లోక్‌సభ అభ్యర్థి మన రాష్ట్రాల్లో 95 లక్షలకి మించి ఖర్చు పెట్టకూడదు, అసెంబ్లీకైతే 40 లక్షలు. ఈ అంకెలు పైకి చదివితే నవ్వకుండా ఉండే ఊరు రెండు రాష్ట్రాల్లో ఒక్కటైనా ఉందా?

కాబట్టి మావాడు దుప్పటి కప్పుకోవడంలో న్యాయం లేదని నేననను. కానీ ఆ దుప్పటి తీసి వాడికి చెప్పాలనిపించిన కథ ఒకటి ఉంది. అందులో హీరో లేడు, గెలుపు కూడా లేదు. 1996లో నల్గొండ లోక్‌సభ ఎన్నిక.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. మన సివిల్ వాళ్ళు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో 'నల్గొండ టెక్నిక్' అని ఒకటి చదువుతారు. నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ని పటిక, సున్నం కలిపి, అడుగున పేరుకున్న మడ్డిని తీసేసి, వడపోసే పద్ధతి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ వాళ్ళు 1970లలో తయారు చేశారు. ఆ పేరు ఎందుకొచ్చిందో సిలబస్‌లో చెప్పరు, మనమూ అడగం. రెండు మార్కుల ప్రశ్న, ఐదు పాయింట్లు, అంతే. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు అని కూడా రాసేస్తాం.

దాటితే ఏమవుతుందో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చూశాను. అది నల్గొండ జిల్లాలో ఉంది. అక్కడ ఒక వయసు దాటిన వాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. మోకాళ్ళు లోపలికి తిరిగిపోయినవాళ్ళు, మెడ పక్కకి తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూసేవాళ్ళు, నలభై ఏళ్ళకే కర్ర పట్టినవాళ్ళు కనిపిస్తారు. చిన్నప్పుడు వాళ్ళని చూసి ముసలితనం అంటే ఇదే అనుకునేవాణ్ణి. హైదరాబాద్‌లో ముసలివాళ్ళు నిటారుగా వాకింగ్ చేస్తుంటే వింతగా ఉండేది.

మన తెలుగు నేలమీద ఈ జబ్బుని గుర్తించి, వైద్య పత్రికలో రాసింది 1937లో. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లా అయిన ప్రాంతంలో. అంటే జబ్బు తెలుసు. 1970లకి మందూ తెలుసు, అదీ నల్గొండ పేరుతోనే. అయినా 1996 నాటికి ఆ జిల్లా పల్లెల్లో జనం అదే బోరు నీళ్ళు తాగుతున్నారు. టెక్నాలజీ లేక కాదు. మనం బీటెక్ పిల్లలం కదా, ప్రతి సమస్యకీ ఒక యాప్ కడదాం, ఒక సెన్సర్ పెడదాం అంటాం. పరిష్కారం పుస్తకంలో ఉండి కూడా ఇరవై ఏళ్ళు కుండలోకి రాని దేశం మనది. పుస్తకానికీ కుండకీ మధ్య ఉన్నదానికే రాజకీయం అని పేరు. అది మనకి నచ్చినా నచ్చకపోయినా.

పక్కనే కృష్ణ పారుతుంది. నాగార్జునసాగర్ ఆ జిల్లాలోనే ఉంది. వినతిపత్రాలు, ధర్నాలు, పాదయాత్రలు అన్నీ అయ్యాక, జలసాధన సమితి అనే సంఘం ఒక ఉపాయం ఆలోచించింది. దుశర్ల సత్యనారాయణ అనే ఆయన దానికి ముందుండి నడిపించాడు. మనం ఓటేస్తే ఎవరూ పట్టించుకోవడం లేదు కదా, మనమే పోటీ చేద్దాం. ఒకరిద్దరు కాదు, వందల మంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి మొత్తం 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అందులో అత్యధికులు ఈ నీళ్ళ మనుషులే. రైతులు, కూలీలు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 250. కూలి చేసుకునే మనిషికి అదేమీ చిన్న డబ్బు కాదు, పైగా తిరిగి రాదని తెలిసే కట్టారు. ఇంతమందికి గుర్తులు వెతకాలి, బ్యాలెట్ అచ్చు వెయ్యాలి. ఎన్నికల సంఘానికి చుక్కలు కనిపించాయి. పోలింగ్ వాయిదా వేశారు. చివరికి బ్యాలెట్ పేపర్ కాస్తా బ్యాలెట్ పుస్తకం అయింది.

మా అమ్మమ్మ ఆ ఎన్నికలో ఓటేసింది. ఆ సంగతి అడిగితే ఇప్పటికీ నవ్వుతుంది. "ఓటెయ్యనీకి పోతే పుస్తకం శేతుల వెట్టిండ్రు బిడ్డా. నాకు సదువు రాదాయె. మా గుర్తు ఏడున్నదో దొర్కవట్టెటాలకు తలపానం తోకకొచ్చింది." మరి ఎవరికేశావు అమ్మమ్మా అంటే, "పేరు యాదికిలేదు. నీళ్ళ కోసం నిలవడ్డోళ్ళల్ల ఒగాయినకు" అంది. ఆయన గెలవడని తెలుసా అని అడిగాను. ఆ ప్రశ్నే ఆమెకి అర్థం కాలేదు.

ఫలితం మీరు ఊహించిందే. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మిగతా 479 మంది ఓడిపోయారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. 480 మంది ఓట్లు పంచుకుంటే ఆరో వంతు ఎవరికొస్తుంది? నీళ్ళ అభ్యర్థుల డిపాజిట్లు గల్లంతయ్యాయి. లెక్కప్రకారం చూస్తే మన దేశ ఎన్నికల చరిత్రలో ఇంత ఘోరంగా ఓడిపోయిన గుంపులు అరుదే.

ఆ తర్వాత ప్రభుత్వం వెంటనే స్పందించింది. ఎలాగో తెలుసా? నీళ్ళు ఇవ్వలేదు. డిపాజిట్ పెంచింది. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభకి డిపాజిట్ 500 నుంచి ఏకంగా 10,000 చేశారు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రపోజ్ చేస్తే చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది సంతకం చెయ్యాలన్నారు. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకి వెయ్యిమందికి పైగా, కర్ణాటకలో బెళగావి లోక్‌సభ సీటుకి నాలుగొందల మందికి పైగా ఇలాగే నామినేషన్లు వేశారు. ఆ మూడూ కలిసి చట్టసభని కదిలించాయి, నామినేషన్ల తలుపు మూసే దిశలో. 2010 నుంచి అది 25,000. నిరసన తెలిపేవాడికి పెద్దవాళ్ళ మొదటి సమాధానం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబోలు. మన కాలేజీలోనూ మెస్ బాలేదని నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే ముందు మారేది మెస్సు కాదు, నోటీసు బోర్డుకి తాళం పడుతుంది.

ఇక్కడ కథ ఆపేస్తే దుప్పటి కప్పుకున్నవాడే కరెక్ట్. కానీ 480 అనే అంకె ఆగలేదు. 'ఫ్లోరైడ్' అనే మాట నల్గొండ దాటి ఢిల్లీ పత్రికల్లోకి వెళ్ళింది. ఆ తర్వాత అక్కడ ఓటడిగిన ఏ పార్టీకీ నీళ్ళ గురించి మాట్లాడకుండా మైకు పట్టుకునే వీలు లేకపోయింది. కృష్ణా నీళ్ళు విడతలు విడతలుగా కొన్ని ఊళ్ళకి చేరాయి. తెలంగాణ ఉద్యమం నీళ్ళు, నిధులు, నియామకాలు అన్నప్పుడు ఆ మొదటి మాట వెనక నల్గొండ వంకర కాళ్ళ ఫొటోలు ఉన్నాయి. రాష్ట్రం వచ్చాక మిషన్ భగీరథ పైలాన్‌ని 2015లో చౌటుప్పల్‌లో కట్టారు. అది నల్గొండ జిల్లా అవడం యాదృచ్ఛికం అని నేననుకోను. 2020లో కేంద్రం, తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగాల్సిన ఆవాసాలు ఇక లేవని పార్లమెంటుకి చెప్పింది. 1996 నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగేళ్ళు.

ఆ 480 మంది వల్లే ఇదంతా జరిగింది అంటే అబద్ధం అవుతుంది. మధ్యలో డాక్టర్లున్నారు, విలేకర్లున్నారు, నాలుగైదు ప్రభుత్వాలున్నాయి, పైపులు వేసిన ఇంజనీర్లున్నారు. వంగిన ఎముకలు నీళ్ళు మారినంత మాత్రాన నిటారు కావు, మా ఊళ్ళో ఆ తరం అలాగే ఉంది. జిల్లాకి సాగునీళ్ళు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో దాని కప్పు కూలి లోపలికి వెళ్ళిన ఎనిమిది మంది కార్మికులు బతికి బయటకి రాలేదు. అక్కడ ఆంధ్ర వైపు, కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ ఇప్పటికీ ఉంది. 1937లో మొదట గుర్తించింది ఆ చుట్టుపక్కలే అని గుర్తు చేసుకుంటే మనసు చివుక్కుమంటుంది. కాబట్టి ఇది సుఖాంతం ఏమీ కాదు. నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. ఓట్ల లెక్కలో ఓడిపోయినవాళ్ళు ఆ లెక్క అయిపోగానే ఇంటికి వెళ్ళిపోలేదు. ఎందుకంటే సాయంత్రం మళ్ళీ దాహం వేస్తుంది కదా.

ఇలాంటిదే మన కళ్ళముందు ఇంకోసారి జరిగింది. 2019లో నిజామాబాద్. పసుపు బోర్డు కావాలి, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర కావాలి అని 170 మందికి పైగా రైతులు లోక్‌సభకి నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఈసీఈ వాళ్ళకి ఇది నచ్చుతుంది: ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు పేర్లే పడతాయి, అందుకని ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు వరసగా కలిపి పెట్టారు. గోడ పొడుగునా ఈవీఎంలే. రైతులు ఒక్కరూ గెలవలేదు. డిపాజిట్ ఈసారి 25,000 కాబట్టి నష్టమూ పెద్దదే. కానీ అప్పటి సిట్టింగ్ ఎంపీ, ముఖ్యమంత్రి కూతురు, ఓడిపోయారు. గెలిచినాయన బోర్డు తెస్తానని బాండు పేపర్ మీద రాసిచ్చి గెలిచాడు. ఆ బాండు పేపర్ మీద ఎన్ని జోకులు వచ్చాయో మీకు తెలుసు. 2023 అక్టోబర్‌లో ప్రధాని బోర్డు ప్రకటించారు, 2025 జనవరిలో నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ధర సంగతి ఇంకా తేలలేదు, బోర్డు పెడితే ధర వస్తుందా అన్నది వేరే చర్చ. కానీ 'బోర్డు ఏదీ' అని ఆ ఎంపీని ఐదేళ్ళు ఊరూరా అడుగుతూనే ఉన్నారు.

ఇలా రెండు మంచి కథలు చెప్పి, "చూశారా, పోరాడితే ఫలితం తప్పక వస్తుంది" అని ముగించడం నాకిష్టం లేదు. ఎందుకంటే మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల ఉంది. సైనిక బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ఎత్తెయ్యాలని 2000 నుంచి 2016 దాకా, పదహారేళ్ళు, ముక్కులోంచి గొట్టంతో ఆహారం ఎక్కిస్తుంటే నిరాహారదీక్ష చేసిన మనిషి. దీక్ష విరమించి 2017లో తౌబాల్‌లో ముఖ్యమంత్రి మీద పోటీ చేస్తే ఆమెకి వచ్చిన ఓట్లు 90. తొంభై. ఇక ఎన్నికల్లో నిలబడను అంది. ఆమెని ఎవరైనా "ఆశ వదులుకోవద్దు" అని ఓదారిస్తే ఆ మాట అన్నవాడి మీదే నాకు కోపం వస్తుంది. ఆశ అనేది అడిగినప్పుడల్లా ఇవ్వాల్సిన అప్పు కాదు. అలసిపోయినవాళ్ళకి అలసిపోయే హక్కుంది. 2022లో మణిపూర్‌లో కొన్ని ప్రాంతాల నుంచి ఆ చట్టాన్ని తీసేశారు, తర్వాత మళ్ళీ కొన్నిచోట్ల పెట్టారు. ఆమె పదహారేళ్ళకి అది ప్రతిఫలమా, కాదా అని తూచడానికి నా దగ్గర తక్కెడ లేదు.

పోనీ ఇంకో పేరు. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన అంబేడ్కర్, ఆ రాజ్యాంగం కింద జరిగిన మొట్టమొదటి లోక్‌సభ ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయాడు. అంతకు కొన్ని నెలల ముందే, హిందూ కోడ్ బిల్లుని ముందుకు కదలనివ్వడం లేదని న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేసి వచ్చాడు. 1954లో భండారా ఉపఎన్నికలో మళ్ళీ ఓడిపోయాడు. ఆ బిల్లు మాత్రం ముక్కలు ముక్కలుగా 1955, 56లలో చట్టాలయింది. ఈ రోజు మన క్లాసులో ఏ అమ్మాయికైనా తండ్రి ఆస్తిలో వాటా ఉందంటే దాని మొదలు అక్కడుంది. ఆయన రెండుసార్లు ఓడిన సంగతి మనకి ఏ పాఠంలోనూ రాలేదు, జీకే బిట్‌గా కూడా.

మనం చేస్తున్న తప్పు నాకు ఇక్కడ కనిపిస్తుంది. మనం మన ఆశనంతా ఒక మనిషి మీద పెడతాం. సినిమా హీరోని అభిమానించినట్టు. ఆ మనిషి ఓడిపోతే ఆశ జూన్ 4 మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. గెలిచి ఏమీ చెయ్యకపోతే ఇంకా హీనంగా, రోజూ కొంచెం కొంచెం చస్తుంది, దాన్ని దాచుకోవడానికి ఎదుటి పార్టీవాణ్ణి తిడుతూ బతకాలి. నల్గొండ వాళ్ళు ఆశని మనిషి మీద పెట్టలేదు. మా అమ్మమ్మకి అభ్యర్థి పేరు కూడా గుర్తు లేదు. వాళ్ళు పట్టుకున్నది ఒక్క ప్రశ్నని: నీళ్ళెప్పుడిస్తారు? ఆ ప్రశ్నకి కౌంటింగ్ తేదీ ఉండదు. ఎవరు గెలిచినా మర్నాడు పొద్దున వెళ్ళి అదే ప్రశ్న అడగొచ్చు. మన పార్టీవాడు గెలిస్తే ఇంకా గట్టిగా అడగొచ్చు. నిజానికి అప్పుడే అడగం మనం, అదో జబ్బు.

మరి మనం ఏ ప్రశ్న పట్టుకోవాలి? వెతుక్కోనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చాలదా? రెండు రాష్ట్రాల్లోనూ ఏ ప్రభుత్వం వచ్చినా ఇది ఉండేదే. డబ్బు ప్రభుత్వం కాలేజీకి ఇవ్వదు, కాలేజీ మన సర్టిఫికెట్లు ఇవ్వదు, మధ్యలో నలిగేది జాబ్ జాయినింగ్ డేట్ ముందుపెట్టుకున్న సీనియర్. నాకు తెలిసిన ఒక అక్క (కాలేజీ పేరు వద్దు) ఒరిజినల్స్ కోసం వాళ్ళ నాన్న దగ్గర అప్పు చేయించింది. ఈ కారిడార్‌లో సగం మంది ఇళ్ళలో ఉన్న కథే ఇది. అయినా ఎన్నికలప్పుడు మనం దేని గురించి వాదించుకున్నాం? ఏ నాయకుడు ఎవరిని ఏమని తిట్టాడు అని.

"స్టూడెంట్స్‌మి, కేసులు పడితే పాస్‌పోర్ట్ ఏమవుతుంది, ప్లేస్‌మెంట్ ఏమవుతుంది?" అని అడుగుతారు. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. అమ్మానాన్నలు పొలం తాకట్టు పెట్టి చదివిస్తున్న పిల్లలం, ఎంఎస్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళం. రోడ్డు మీద లాఠీ దెబ్బ తినమని ఎవరికీ చెప్పను. కానీ రాజకీయం అంటే జెండా పట్టుకుని రోడ్డెక్కడం ఒక్కటే అని మనకెవరు చెప్పారు? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల ఫీజు, తెల్లకాగితం. ఎందుకు అడుగుతున్నావో కారణం చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దానికి ధైర్యం పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి. మనకి లేనిదల్లా అదే. నాలుగు గంటలు డీబగ్గింగ్ చేస్తాం, నాలుగు లైన్ల దరఖాస్తు రాయమంటే విసుగు.

మేం నలుగురం ఫలితాలొచ్చిన తర్వాత, అదే జూలైలో, ఒక పని మొదలుపెట్టాం. గొప్ప పనేం కాదు. మన కాలేజీ గేటు ముందు రోడ్డు దాటే చోట మీకందరికీ తెలుసు, ఎంతమంది పడ్డారో. అక్కడ లైటు లేదు, జీబ్రా గీతలు లేవు, బస్టాప్ మలుపులో ఉంది. ఆ రోడ్డు ఎవరిది అన్న ప్రశ్న దగ్గరే మా మొదటి రెండు నెలలు గడిచాయి. ఒక ఆఫీసు ఆ ఆఫీసుది అంటుంది, ఆ ఆఫీసు మళ్ళీ ఈ ఆఫీసుది అంటుంది. దరఖాస్తు పెడితే 'ప్రతిపాదనలు పంపబడినవి' అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఎవరు పంపారు, ఎవరికి, ఎప్పుడు? ఆ 'బడినవి'లో కర్త ఎవరో మన వ్యాకరణం మాస్టారు వచ్చినా చెప్పలేరు. మళ్ళీ రాశాం. ఒకరోజు పొద్దున్నే చూస్తే స్పీడ్ బ్రేకర్ ప్రత్యక్షమైంది. సంతోషించాం. దానికి తెల్లరంగు వెయ్యలేదు. రాత్రిపూట బైకుల మీద వచ్చేవాళ్ళు ఎగిరిపడి మమ్మల్నే తిడుతున్నారు.

ఇది విజయమా, ఓటమా? నాకు తెలియదు. మాతో మొదలుపెట్టిన నలుగురిలో ఒకడు ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిపోయాడు, ఇంకొకడికి విసుగొచ్చింది. పోయినవాళ్ళ స్థానంలో ఫస్టియర్ అమ్మాయి ఒకతి వచ్చింది, మా అందరికంటే మొండిది. ఆఫీసు క్లర్కుని "సార్, ఫైల్ నంబర్ ఇవ్వండి" అని నిలబడి అడిగి తెచ్చుకుంది. ఆ ఫైల్ నంబర్ చూస్తే నాకు సెమిస్టర్ రిజల్ట్ చూసినంత ఆనందం కలిగింది. మరీ ఎక్కువ చెబుతున్నానేమో గానీ, ఏడాది క్రితం ఆ దుప్పటి కింద నేనూ దాదాపు ఉన్నాను కాబట్టి ఆ తేడా నాకు తెలుస్తోంది.

ఓటు గురించి కూడా ఒకమాట. జూనియర్లలో చాలామందికి ఇంకా ఓటు నమోదు కాలేదు. జనవరి 1 ఒక్కటే కాదు, ఇప్పుడు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 నాటికి 18 నిండినా నమోదు చేసుకోవచ్చు. పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారం 6. సొంతూరు అడ్రస్‌తోనే కాదు, హాస్టల్ అడ్రస్‌తో కూడా ఓటు పెట్టుకునే వీలుంది, అయితే ఒక్కచోటే ఉండాలి. ఇప్పటికే ఊళ్ళో ఉంటే ఫారం 8తో మార్చుకోవాలి. హాస్టల్లో ఆరొందల మందిమి ఉన్నాం. ఈ వార్డులో ఆరొందల ఓట్లంటే మన గేటు ముందు లైటు సంగతి కార్పొరేటర్ మాట్లాడే తీరే మారుతుందని నా అనుమానం. అనుమానమే, హామీ కాదు.

ప్రస్తుతానికి మా స్పీడ్ బ్రేకర్ రంగు గురించి, లైటు గురించి పెట్టిన మూడో దరఖాస్తుకి ముప్పై రోజులు దాటిపోయాయి. మొదటి అప్పీలు వెయ్యాలి, దానికి మళ్ళీ ముప్పై రోజులే గడువు. డ్రాఫ్ట్ నేను రాశాను గానీ కోపం ఎక్కువైంది, విషయం తక్కువైంది. ఈ క్లబ్‌లో నాకంటే మంచి తెలుగు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, కథ చివరి వాక్యాన్ని పదిసార్లు కొట్టేసి రాసేవాళ్ళు. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి లైబ్రరీలో, న్యూస్‌పేపర్ల టేబుల్ దగ్గర ఉంటాం. పెన్ను తెచ్చుకోండి. పోస్టల్ ఆర్డర్ మా దగ్గర ఒకటి మిగిలింది.